చీజ్‌కి హలాల్ సర్టిఫికెట్ ఎందుకంటే

చీజ్, యోగర్ట్ పాలతో చేసినవే కదా, వాటిని ఎగుమతి చేసేటప్పుడు హలాల్ సర్టిఫికెట్ ఎందుకు అడుగుతున్నారని ఒకరు రాశారు. పాలతో పేచీ లేదండీ. చీజ్ కోసం పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తోనే చిక్కు. అది దూడ కడుపు నుంచి తీసిందైతే, ఆ దూడను హలాల్ పద్ధతిలో కోశారా అన్న ప్రశ్న వస్తుంది. మైక్రోబియల్ రెన్నెట్, అంటే సూక్ష్మజీవులతో చేసింది అయితే సగం టెన్షన్ పోయినట్టే. యోగర్ట్‌లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది), ఇ-471 (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) ఉన్నాయేమో చూడండి. ఇ-471 మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. లేబుల్ మీద ఆ తేడా చాలాసార్లు కనబడదు, అది దేని నుంచి వచ్చిందో తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు దిగుమతి దేశంలో గుర్తింపు ఉండాలి. మలేషియాకైతే జాకిమ్ (అక్కడి ప్రభుత్వ ఇస్లామిక్ వ్యవహారాల శాఖ) గుర్తించిన సంస్థల జాబితా చూడాలి. ఇదంతా లోడింగ్‌కి ముందే తేల్చుకోండి. కాగితాల కోసం సరుకు పోర్టులో ఆగితే, రీఫర్ కంటైనర్ (ఫ్రిజ్‌లా చల్లగా ఉంచే కంటైనర్) చల్లగానే ఉన్నా ఎక్స్‌పైరీ తేదీ ఆగదు.