చిన్న పత్రికలో అచ్చయిన కథను మళ్ళీ పంపవచ్చునా?

నమస్కారమండీ. మీ తొలి కథ ఒక చిన్న మాసపత్రికలో అచ్చయినా ఎవరి కంటా పడలేదనీ, దానినే పెద్ద వారపత్రికకు పంపవచ్చునా అనీ అడిగారు. పంపకండి. కథతోపాటు పత్రికలు సాధారణంగా హామీపత్రం అడుగుతాయి. రచన సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, మరెక్కడా ప్రచురితం కాలేదనీ, వేరెక్కడా పరిశీలనలో లేదనీ అందులో మీరే సంతకం చేయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కవితను సైతం ప్రచురితంగానే లెక్కించే సంపాదకులున్నారు.

అంతమాత్రాన ఆ కథకు దారి మూసుకుపోలేదు. కథాసాహితి వారు ‘కథ 90’తో మొదలుపెట్టిన వార్షిక సంకలనాలు పత్రికల్లో వచ్చిన కథల నుంచి ఏరికూర్చినవే. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం చిన్నాపెద్దా తేడా లేకుండా కథలను భద్రపరుస్తుంది కనుక, సంచిక ముఖచిత్రం, విషయసూచిక, మీ కథ ఉన్న పుటలు స్కాన్ చేయించి, నెల, సంవత్సరం వేసి అక్కడికొక ప్రతి పంపండి. చిన్న పత్రికల పాత సంచికలు ఒక్కోసారి సంపాదకుల దగ్గరే దొరకవు! రేపు సంపుటి వేసేటప్పుడు తొలి ప్రచురణ వివరాలకు ఆ ప్రతే ఆధారం.

వారపత్రికకు కొత్త కథ పంపండి, యూనికోడ్‌లో టైపు చేసి.