జలంధర్ బయలుదేరుతున్న నా మేనకోడలికి

బుజ్జీ,

నిన్న మీ నాన్న ఫోను చేశాడు. మీకక్కడ అర్ధరాత్రి, నాకిక్కడ న్యూజెర్సీలో మధ్యాహ్నం. "అక్కా, ఇది వెయిట్‌లిఫ్టింగ్ వదిలేసి రెజ్లింగ్ నేర్చుకుంటానంటోంది. జలంధర్‌లో గ్రేట్ ఖలీ అకాడమీకి వెళ్తుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. గొంతు పూడుకుపోయింది వాడికి. నువ్వైనా చెప్పు అంటే వద్దని చెప్పమని. ఫోను పెట్టేశాక వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా తెలివి రాలేదు. ముందు గుండె గుభేలుమంది. తరవాత ఆ పాలు తుడుస్తుంటే, మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల రింగు ఎక్కబోతోంది కదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

వద్దని చెప్పను. 2023 సెప్టెంబరు 8 రాత్రి గచ్చిబౌలి స్టేడియం నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్లు రియా రిప్లీ, నటాల్యాల పోరు వీడియో తీసి పంపావు చూడు, అప్పుడే నాకు తెలిసిపోయింది. అందులో రింగులోని చప్పుడు కన్నా నీ అరుపే ఎక్కువ వినిపించింది. ఆ టికెట్టు కొన్నది మీ నాన్నే. చిన్నప్పుడు రెజ్లర్ల ట్రంప్ కార్డులు దిండు కింద పెట్టుకుని, ఎవరి బరువెంత, ఎవరి ఛాతీ ఎంత అని నిద్రలో కూడా అప్పజెప్పినవాడు. వాడి మీద కోపం పెట్టుకోకు. వాడిది భయం. నాదీ భయమే. కాకపోతే దేనికి భయపడాలో నాకు తెలుసు, వాడికి తెలియదు.

అందరూ చెప్పే మాటలు ముందు చెప్పేస్తాను. డిగ్రీ చివరి పరీక్షలు రాసే వెళ్లు. పళ్లకు గార్డు లేకుండా రింగు ఎక్కకు. ఆరోగ్య బీమా తీసుకో, అందులో ఆటల్లో తగిలే దెబ్బలకు డబ్బు వస్తుందో రాదో చదివి తీసుకో. ఏ కాగితమైనా ఇంటికి పంపి, ఒక వకీలుకు చూపించి సంతకం పెట్టు. ఈ చివరిది ఊరికే అనడం లేదు. 1985 నవంబరు 25న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మహిళల ఛాంపియన్ వెండీ రిక్టర్, ముసుగు వేసుకున్న ఒక ప్రత్యర్థితో తలపడింది. అప్పటికి ఆమె తన కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌తో (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) జీతం విషయంలో పేచీ పడుతోంది. భుజాలు రెండూ నేలకు ఆని ఉండగా మూడు లెక్కపెడితే ఓడినట్టు. రిఫరీ గబగబా మూడు లెక్కపెట్టేశాడు. ఒకటి దగ్గరే ఆమె భుజం లేపింది, అయినా బెల్టు పోయింది. ముసుగు లాగి చూస్తే లోపల ఉన్నది పాత ఛాంపియన్ ఫ్యాబులస్ మూలా. ఈ రెజ్లింగులో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఆ ఫలితమే జరుగుతుందని నమ్మి రింగు ఎక్కిన మనిషికి రింగులోనే ద్రోహం జరిగింది. కాగితం మీద గొడవ ఉన్నప్పుడు రింగు ఎక్కకు. అంతే.

ఇప్పుడు కోప్పడాల్సిన సంగతి. మీ నాన్న ఇంకో మాట చెప్పాడు. అకాడమీలో మొదట్లో వ్యాలేగా, అంటే రెజ్లర్ వెంట నడిచొచ్చి రింగు బయట నిలబడి సాయం చేసే మనిషిగా, ఎవరి వెంటయినా పంపిస్తే ఒప్పుకోనని అన్నావట. "నేను ఎవడి వెనకాలో నడవను, అలంకారానికి నిలబడను" అన్నావట. ఎంత మాటన్నావే! ఎనిమిదేళ్లు నేను చేసింది అదే పని. రిఫరీ చూపు ఏ క్షణాన మళ్లించాలి, తాళ్ల దగ్గరికొచ్చిన ప్రత్యర్థి కాలు ఎప్పుడు పట్టి లాగాలి, ఎప్పుడు గొంతు చించుకోవాలి, ఎప్పుడు నోరు కట్టేసుకోవాలి, ఇదంతా తెలిసినవాళ్లకే ఆ పని వస్తుంది. రింగు బయట నిలబడి వంద పోరాటాలు చూసినదానికి రింగు లోపల కథ ఎలా నడపాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

షెర్రీ మార్టెల్ గురించి నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మూలా దగ్గర శిక్షణ పొందిన మనిషి. 1987 జులై 24న హ్యూస్టన్‌లో ఆ మూలానే ఓడించి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల బెల్టు గెలిచింది. దాదాపు 15 నెలలు దాన్ని వదల్లేదు. తరవాత ఆ కంపెనీ ఆడవాళ్ల పోటీలనే పక్కన పడేసింది, 1990లో ఆ బెల్టే లేకుండా పోయింది. వేరే మనిషైతే ఇంటికి వెళ్లిపోయేది. షెర్రీ మాత్రం రాండీ సావేజ్ అనే పేరున్న రెజ్లర్ పక్కన వ్యాలేగా నిలబడింది. మొహం నిండా రంగులు పూసుకుని, ప్రేక్షకులు పళ్లు నూరేలా కేకలు పెడుతూ, మగవాళ్ల పోటీల్లో దెబ్బలు కూడా తింటూ. ఆ తరవాత టెడ్ డిబియాసీ, షాన్ మైకేల్స్ అనే రెజ్లర్ల పక్కన. ఆమె ఎవరి పక్కన నిలబడితే వాళ్లు పెద్దవాళ్లయ్యారు.

1991 మార్చి 24న, ఆ కంపెనీ ఏటా జరిపే అతి పెద్ద వేడుక రెజిల్‌మేనియాలో సావేజ్ ఓడి కింద పడి ఉంటే, అన్నాళ్లూ వెంట ఉన్న షెర్రీయే అతన్ని తన్నింది. అప్పుడు ప్రేక్షకుల్లోంచి సావేజ్ పాత వ్యాలే మిస్ ఎలిజబెత్ పరుగెత్తుకొచ్చి షెర్రీని బయటికి విసిరేసింది. జనం ఏడ్చేశారు. ఆ కన్నీళ్లన్నీ ఎలిజబెత్ ఖాతాలో వేస్తారు. నేను ఆ టేపు అరిగిపోయేదాకా చూశాను బుజ్జీ. షెర్రీ అంతకు ముందు అంత అసహ్యం పుట్టించకపోతే ఒక్క చుక్క కూడా రాలేది కాదు. 2019 ఏప్రిల్ 7న మా ఊరికి దగ్గర్లోని మెట్‌లైఫ్ స్టేడియంలో బెకీ లించ్, షార్లట్ ఫ్లెయిర్, రోండా రౌజీ రెజిల్‌మేనియాలో ఆ రాత్రికి అసలైన, చిట్టచివరి పోటీ ఆడారు. ఆడవాళ్లకు ఆ చోటు దక్కడం అదే మొదటిసారి. అర్ధరాత్రి దాటినా జనం కదల్లేదు. నేనూ ఆ జనంలో ఉన్నాను, ఉన్నంతసేపూ షెర్రీనే తలచుకున్నాను. తరవాత ఛాంపియన్ అయిన లీటా కూడా ఆ కంపెనీలో మొదట అడుగుపెట్టింది వ్యాలేగానే. వాళ్లెవరూ అలంకారానికి నిలబడలేదు. పని ఇస్తే చెయ్యి.

ఇక పడటం. అవతలివాళ్లను పడగొట్టడం కన్నా ముందు నువ్వు పడటం నేర్పుతారు. రింగు పరుపు కాదు. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, దాని మీద పలచటి ఫోము, పైన గుడ్డ. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు రెండూ పక్కలకు చాచి అరచేతులతో నేల చరచాలి, వీపు పైభాగం ముందు తగలాలి. బరువులెత్తేటప్పుడు నీ గడ్డం కాస్త పైకి, చూపు ఎదురుగా ఉంటాయి. పన్నెండేళ్ల వయసు నుంచి ఒంటికి పట్టిన అలవాటు. ఆ అలవాటే నాకు నిద్ర లేకుండా చేస్తోంది. పడే క్షణంలో నీ తల దానంతటదే వెనక్కి వాలుతుంది, మెడ మీదికి వస్తుంది. మంచం పక్కన బొంత పరిచి ఇప్పటినుంచే రోజుకు యాభైసార్లు, కూర్చుని వెనక్కి దొర్లడం మొదలుపెట్టు. ప్రతిసారీ గడ్డం ఛాతీకి. మీ అమ్మ నవ్వితే నవ్వనీ. మెడ కండరాలకు రోజూ వ్యాయామం చెయ్యి. మెడ, బుజ్జీ. మోకాలు విరిగితే అతుకుతుంది.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో నీకు సగమే తెలుసు. అమెరికా వచ్చిన కొత్తలో కుట్టుపని చేసేదాన్ని. చిన్న చిన్న హాళ్లలో ఆడే రెజ్లర్లకు అంగీలు, మెరుపుల కోట్లు కుట్టిచ్చేదాన్ని. ఒక రాత్రి ఒకతని వెంట రావలసిన అమ్మాయి రాలేదు. కోటు ఇవ్వడానికి వెళ్లిన నన్ను అడిగారు. 1998 అది. నాకు 30 ఏళ్లు. చీరను కుచ్చిళ్లతో సహా కుట్టేసుకుని, నడుము పక్కన తొమ్మిది హుక్కులు పెట్టి, లోపల బిగుతు నిక్కరు వేసుకుని నడిచాను. ఏడాదికి రింగులోకి కూడా దిగాను.

2001 వేసవిలో మీ నానమ్మ ఇక్కడికొచ్చింది. కూతురు అమెరికాలో టైలరని మాత్రమే ఆవిడకు తెలుసు. ఎలాగో ధైర్యం చేసి పెన్సిల్వేనియాలో ఒక స్కూలు జిమ్‌లో జరిగే ఆటకు తీసుకెళ్లాను. మూడో వరసలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి జంట పోటీ. అవతలి జట్టులో ఇరవై రెండేళ్ల పిల్ల, చాలా చురుకు, పెద్ద కంపెనీ ఒకటి తనను పరీక్షకు పిలిచింది. ఆ పిల్ల తాళ్ల మీది నుంచి బయటికి దూకుతుంది, కింద నేనూ నా జతగాడూ కలిసి పట్టుకుని ముగ్గురం కింద పడాలి. చూసేవాళ్లకు తను మమ్మల్ని గుద్ది పడేసినట్టు ఉంటుంది. నిజానికి ఆమె ప్రాణం మా నాలుగు చేతుల్లో ఉంటుంది. మధ్యాహ్నం మూడుసార్లు సాధన చేశాం.

ఆమె తాళ్ల మీదికి ఎక్కింది. జనం లేచి నిలబడ్డారు. మా అమ్మ కూడా లేచి నిలబడిందా, నన్ను చూస్తోందా, మొహంలో ఏముంది అని నేను మూడో వరస వైపు తల తిప్పాను. ఒక్కసారే. ఒక్క రెప్పపాటు. చేతుల్లోకి రావలసిన బరువు రాలేదు. నా భుజాన్ని రాసుకుంటూ పోయింది. నేల మీద పలచని చాప, దాని కింద బాస్కెట్‌బాల్ ఆడే గట్టి చెక్క. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడు. ఆ పిల్ల అరవలేదు. ఎడమ చేతిని పొట్టకు హత్తుకుని నా కళ్లలోకి చూసింది. రిఫరీ రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టాడు. అది నాటకం కాదని, నిజంగా దెబ్బ తగిలిందని చెప్పే గుర్తు అది. మెడ కింద నుంచి భుజం దాకా ఉండే కాలర్ ఎముక విరిగింది.

అక్కడితో ఆగితే అది పొరపాటు. వెనక గదిలో అందరూ ఏమైందని అడిగితే నేను, "ముందే దూకేసింది, మేం సిద్ధంగా లేము" అన్నాను. నా జతగాడు తల దించుకున్నాడు. నన్ను కాదనలేదు. ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది కాబట్టి తనూ కాదనలేదు. తొందరపడి దూకుతుందని ఆమెకు పేరు పడింది. పెద్ద కంపెనీ పిలుపు పోయింది.

కారులో ఇంటికొస్తుంటే అమ్మ గంటసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది: "ఆ పిల్లని నువ్వు పట్టుకోవాలి కదూ?" రెజ్లింగ్ అంటే ఏమిటో తెలియని మనిషి. ఇంగ్లీషు ముక్క రాని మనిషి. నేను కారు పక్కకు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. అయినా ఆ పిల్ల దగ్గరికి వెళ్లడానికి నాకు ఐదు వారాలు పట్టింది. పప్పుచారు, అన్నం డబ్బాల్లో పెట్టుకుని వెళ్లి, తలుపు దగ్గరే చెప్పాను, తప్పు నాదని, ఆపైన అబద్ధం ఆడానని. "నాకు తెలుసు. నీ తల తిరగడం గాలిలోంచే చూశాను" అంది. తరవాత అందరికీ నేనే చెప్పాను. కానీ పోయిన పిలుపు రాలేదు. ఆ భుజం చలికాలంలో ఇప్పటికీ లాగుతుందట. ప్రతి జూన్‌లో ఫోను చేస్తాను, ప్రతిసారీ మాట్లాడుతుంది.

అందుకే బుజ్జీ, నువ్వు గెలుస్తావా, పేరు తెచ్చుకుంటావా అని నాకు దిగులు లేదు. ఎదుటి మనిషి గాలిలో ఉన్నప్పుడు నీ చూపు ఎక్కడ ఉంటుందన్నదే నా దిగులు. మీ నాన్న వచ్చినా సరే, నేను వచ్చినా సరే, మా వైపు చూడకు. పట్టులో ఉన్నప్పుడు ఎదుటివాళ్ల చెయ్యి మెల్లగా నొక్కు, వాళ్లు తిరిగి నొక్కితే బాగున్నట్టు. నొక్కకపోతే ఆట ఆపెయ్యి, ఎవరు తిట్టినా పట్టించుకోకు.

నొప్పి మాత్రల సంగతి. ఎలిజబెత్ 2003లో పోయింది, 42 ఏళ్లకే. షెర్రీ 2007 జూన్‌లో, 49 ఏళ్లకు. ఇద్దరి చావులోనూ నొప్పి మందులున్నాయి. షెర్రీ పోయినప్పటి కన్నా నా వయసు ఇప్పుడు ఎక్కువ, ఆ లెక్క తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. ఎవరైనా సంచీలోంచి మాత్ర తీసి ఇస్తే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా, తీసుకోవద్దు. వేణ్నీళ్లు, నిద్ర, డాక్టరు.

నీకు వేషం ఇచ్చేటప్పుడు పాములు, బుట్టలు అని ఏదో ఒకటి తెస్తారు. నాకూ తెచ్చారు. మూలా కూడా మొదట్లో బానిస పిల్ల వేషంతో వ్యాలేగా నడిచింది. కవితా దలాల్‌ను చూడు. నీలాగే బరువులెత్తిన అమ్మాయి, 2016 దక్షిణాసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ అకాడమీలోనే నేర్చుకుంది. 2017లో మే యంగ్ క్లాసిక్ అనే డబ్ల్యూడబ్ల్యూఈ మహిళల పోటీలో సల్వార్ కమీజ్ వేసుకుని దిగింది, ఆ బట్టల్లోనే ప్రత్యర్థిని తల పైకి ఎత్తింది. అలా నీకు నువ్వు ఎంచుకో. చీర కావాలంటే కొలతలు పంపు, హుక్కులు నేను కుడతాను.

మీ నాన్నతో మళ్లీ మాట్లాడాను. నానమ్మ ఫోను లాక్కుని ఒక్కటే అడిగింది: "అక్కడ పట్టుకోవడం కూడా నేర్పుతారా?" నేర్పుతారని చెప్పాను. మీ నాన్న స్టేషనుకు వస్తాడు. డిసెంబరులో జలంధర్ చలి మనవాళ్లు ఎరిగిన చలి కాదు, రెండు స్వెట్టర్లు పెట్టుకో. మొదటి వారం రోజూ రాత్రి పదింటికి ఫోను చెయ్యి, ఇక్కడ పగలు పదకొండున్నర, నేను ఇంట్లోనే ఉంటాను. మెడ ఎలా ఉందో ముందు చెప్పు, మిగతావి తరవాత.

మీ అత్తయ్య