ఎన్‌క్లెక్స్‌కు పది రోజులే ఉన్నది, ఇప్పుడు ఏం చూసుకోవాలె?

పరకాల నుంచి ఒక తండ్రి అడిగిండు. బిడ్డ వరంగల్‌ల బీఎస్సీ నర్సింగ్ చేసింది, హన్మకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూల డ్యూటీ చేస్తుంది, ఇంకో పది రోజులల్ల హైదరాబాద్‌ల అమెరికా లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ ఉన్నది, రాత్రి రెండింటి దాకా లావు పుస్తకం ముందేసుకొని కూసుంటుంది, పొద్దున లేచి ఏం యాదికి ఉంటలేదని ఏడుస్తుంది, ఆఖర్ల చూసుకోవాల్సినయి ఏంటియో జర చెప్పుండ్రి అని.

అన్నా, ముందుగాల ఆ లావు పుస్తకం తీసి అటక మీద పెట్టు. పది రోజులల్ల కొత్తగ చదివేది ఏం లేదు, నాలుగేండ్లు చదివిందాన్నే పరీక్ష అడిగే తీరుల తిప్పి చూసుకునుడే మిగిలింది. ఇక్కడి నుంచి చెప్పేది నీకు అర్థం కాదు గానీ ఫోన్ బిడ్డ చేతికియ్యి.

బిడ్డా, నంబర్లు నీకు వచ్చు. పొటాషియం 3.5 నుంచి 5, సోడియం 135 నుంచి 145, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగు లక్షలు, ఏబీజీ (రక్తంల గ్యాసుల పరీక్ష)ల పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26, రోజూ రిపోర్టులల్ల చూస్తనే ఉంటవు. కానీ పొటాషియం నార్మల్ ఎంత అని ఊకె అడగరు, 6.2 వచ్చింది, ముందుగాల ఏం చేస్తవు అని అడుగుతరు. పోతున్న డ్రిప్‌ల పొటాషియం ఉంటే ఆపుతవు, మానిటర్ పెట్టి గుండె గీతల టీ వేవ్ పైకి లేచిందా చూస్తవు, డాక్టర్‌కు చెప్తవు. అందుకే నోట్‌బుక్‌ల ఒక దిక్కు నంబర్ రాస్తే పక్కకే నువ్వు చేసే పని రాసుకో, పని రాయలేని నంబర్ నీకు రానట్టే. ఇంకోటి, పొటాషియం సిరంజితోని డైరెక్ట్‌గ ఐవీ పుష్ అని ఆప్షన్ కనిపిస్తే ఎంత ఎమర్జెన్సీ కథ చెప్పినా అది తప్పే.

మందులు కూడ గట్లనే. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చే ముందు ఎపికల్ పల్స్ (గుండె మీద స్టెతస్కోప్ పెట్టి వినేది) పూర్తిగ ఒక నిమిషం, పెద్దోళ్లకు 60 కంటే తక్కువుంటే ఆపి చెప్పాలె, పొటాషియం పడిపోతే డిగాక్సిన్ విషమైతది కాబట్టి యూరిన్ ఎక్కువ పోయించి పొటాషియం తగ్గించే లాసిక్స్ మీద ఉన్న పేషెంట్ కథ వస్తే ఈ రెండిటిని కలిపి చూడు. మానసిక జబ్బు మందు లిథియం రక్తంల 0.6 నుంచి 1.2, 1.5 దాటితే డేంజర్, మన ఎండాకాలం లెక్క చెమటలు పోసి నీళ్లు, ఉప్పు తగ్గితే ఇది పెరుగుతది. రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే వార్ఫరిన్‌కు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే టైం లెక్క) మామూలుగ 2 నుంచి 3, విరుగుడు విటమిన్ కె, హెపారిన్‌కు ప్రోటమిన్. ప్రీఎక్లాంప్సియా (గర్భిణులకు బీపీ పెరిగే జబ్బు)ల మెగ్నీషియం సల్ఫేట్ పోతున్నప్పుడు మోకాలు రిఫ్లెక్స్ పోయినా, శ్వాస 12 కంటే తగ్గినా, యూరిన్ గంటకు 30 ఎంఎల్ కంటే తక్కువైనా డ్రిప్ ఆపాలె, కాల్షియం గ్లూకోనేట్ దగ్గరుండాలె. మార్ఫిన్ ఎక్కువైతే నలోక్సోన్, కానీ దాని పవర్ తొందరగ దిగుతది, మళ్ల శ్వాస మందగిస్తది, ఇచ్చినంక పేషెంట్‌ను వదిలిపోవద్దు.

ఇగ మన పిల్లలు ఎక్కువ దెబ్బతినేది రెండు కాడ.

ఒకటి మందుల పేర్లు. మనం పారాసిటమాల్ అంటే వాళ్లు ఎసిటమినోఫెన్ అంటరు, దానికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్, పెథిడిన్ అక్కడ మెపెరిడిన్, లిగ్నోకెయిన్ అక్కడ లిడోకెయిన్. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల క్లినికల్స్ చేసి మంచిగ నేర్చుకున్నోళ్లు కూడ ఆల్బుటెరాల్ చూసి ఇదేం కొత్త మందురా అనుకుంటరు. ఒక చిన్న కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించు, వారంల వచ్చేస్తయి.

రెండోది నర్స్ అధికారం. మన వార్డులల్ల పేషెంట్‌ను పక్కకు తిప్పుడు, తినిపిచ్చుడు అటెండెంటే చేస్తడు, మనం డాక్టర్ రౌండ్స్ కోసం చూస్తం, సీనియర్ సిస్టర్ చెప్పింది చేస్తం. ఆ అలవాటుతోని ప్రతి ప్రశ్నల డాక్టర్‌కు ఫోన్ చేస్త అని టిక్ పెడ్తరు. ఎన్‌క్లెక్స్‌ల ముందుగాల నువ్వేం చేయగలుగుతవో చూస్తరు. రక్తం ఎక్కిస్తుంటే పేషెంట్‌కు చలి, నడుం నొప్పి వచ్చింది, ముందు రక్తం ఆపుడు, ట్యూబింగ్ మార్చి నార్మల్ సెలైన్ పెట్టుడు, ఆ తర్వాతనే ఫోన్. మొదటి 15 నిమిషాలు బెడ్ కాడనే ఉండుడు కూడ నీ పనే. అట్లనే పని అప్పజెప్పే ప్రశ్నలల్ల అసెస్‌మెంట్, పేషెంట్‌కు నేర్పుడు, ఫలితం బేరీజు వేసుడు ఎవ్వలికి ఇయ్యొద్దు, స్నానం, తినిపిచ్చుడు, స్టేబుల్‌గ ఉన్నోళ్ల వైటల్స్ అసిస్టెంట్‌కు ఇయ్యొచ్చు. తినిపిచ్చుడు అన్న గానీ మింగుడు కష్టమున్న స్ట్రోక్ పేషెంట్ అయితే ఇయ్యొద్దు, అది నీకే.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ తొందరగ చూసుకో: టీబీ, తట్టు, చికెన్‌పాక్స్‌కు ఎన్95, నెగటివ్ ప్రెషర్ రూం, ఫ్లూ, కోరింత దగ్గుకు మామూలు సర్జికల్ మాస్క్, సీ డిఫ్ (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా)కు గౌను, గ్లోవ్స్, చేతులు సబ్బు నీళ్లతోనే, శానిటైజర్ పనిచెయ్యది. లెక్కలల్ల పౌండ్లను 2.2తోని భాగిస్తే కిలోలు, ఒక ఔన్స్ 30 ఎంఎల్, ఐస్ ముక్కలు తింటే సగమే నీళ్ల లెక్క. డ్రిప్ సెట్ ఫ్యాక్టర్ (ఒక ఎంఎల్‌కు ఎన్ని చుక్కలు) ప్రశ్నలనే ఇస్తరు, మన 20 అని గుడ్డిగ వేసెయ్యకు.

పరీక్ష సంగతి నీకు తెల్సే ఉంటది గానీ చెప్తున్న, తక్కువల తక్కువ 85, ఎక్కువల ఎక్కువ 150 ప్రశ్నలు, ఐదు గంటలు, బ్రేక్ తీసుకుంటే టైం నడుస్తనే ఉంటది, వెనక్కి పోయి మార్చుకునుడు లేదు. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు వచ్చినయి, అందరికీ లెక్కల పడేటియి మూడు, ఒక్కోదాంట్ల ఆరు ప్రశ్నలు. సరైనవన్నీ టిక్ పెట్టే ప్రశ్నలల్ల ఒక్కటి తప్పైతే మొత్తం పోయే పాత లెక్క ఇప్పుడు లేదు, కానీ తప్పుది టిక్ పెడితే ఒక మార్కు కోస్తరు, అందుకే డౌట్ ఉన్నదాన్ని ఊకె కొట్టకు. 85కే కంప్యూటర్ బంద్ అయితే పాసా ఫెయిలా అని ఎవ్వలు చెప్పలేరు, బయటికొచ్చి దోస్తులకు ఫోన్ చేసి లెక్కలు కట్టకు.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటున్నది. పాస్‌పోర్ట్ తీసి ఏటీటీ (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) మెయిల్‌ల ఉన్న పేరు పక్కన పెట్టి చూడు. మన దగ్గర పదో తరగతి మెమోల ఇంటి పేరు పూర్తిగ ఉంటది, లేకపోతే ఒక్క అక్షరమే ఉంటది, పాస్‌పోర్ట్‌ల ఇంకో తీరుగ ఉంటది, పేర్లు కలవకపోతే లోపలికి పోనియ్యరు, డబ్బులు కూడ పోతయి. తేడా ఉంటే ఇప్పుడే రాసి సరిచేయించుకో. ముందు రోజు నైట్ డ్యూటీ ఉంటే ఎవ్వలతోనన్న మార్చుకో, కాజీపేటల పొద్దున బండి ఎక్కి పోయి పరీక్ష రాస్త అనుకోకు, ముందు రోజే సికింద్రాబాద్ దిగి సుట్టాలింట్ల పండు, సెంటర్‌కు అరగంట ముందు చేరు.

అన్నా, నీకు ఒక్క ముచ్చట. పాస్ అయినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు, ఇంగ్లీష్ పరీక్ష, వీసాస్క్రీన్ (వీసా కోసం చదువు, లైసెన్స్ సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) ఇంకా ఉంటయి, టైం పడ్తది. రిజల్ట్ రాంగనే ఏజెంట్లు ఫోన్లు చేస్తరు, బాండ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు మొత్తం చదివించు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవ్వల చేతిల పెట్టకు.