పెద్ద బోటు కొనే ముందు ఏడాది ఖర్చు లెక్క వేద్దాం

ప్రశ్న: మాది బరంపురం. చీరల కొట్టు ఉంది. షాపు ఖర్చులన్నీ పోను నెలకు లక్షా పదివేలు వస్తుంది. ఇంటికి 65 వేలు అవుతుంది. బ్యాంకులో 8 లక్షల ఎఫ్‌డీ ఉంది, అప్పులేమీ లేవు. పెద్దపాప తొమ్మిదో తరగతి. ఐదేళ్ల కిందట 16 అడుగుల ఫైబర్ బోటు, 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజనుతో కొన్నాం. చిలికా సరస్సు ఒడ్డున రంభలో కట్టి ఉంచుతాం. పోయిన ఏడాది 14 సార్లు చిలికాలో షికారుకు వెళ్లాం. మామూలుగా మేం నలుగురం, అమ్మానాన్న. చెల్లెలి కుటుంబం కూడా వస్తే తొమ్మిదిమందిమి. అలా నాలుగుసార్లు వెళ్లాం, చాలా ఇరుకైంది. ఇప్పుడు తెలిసినాయన 24 అడుగుల సెకండ్ హ్యాండ్ బోటు, 115 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో 11 లక్షలకు ఇస్తానంటున్నాడు. ఎఫ్‌డీలోంచి 5 లక్షలు తీసి, మిగతా 6 లక్షలు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. మా చెల్లెలి భర్త సగం పెట్టుకుంటానని కూడా అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం. 16 అడుగుల బోటులో తొమ్మిదిమంది ఎక్కడం ఇక వద్దండీ. మీరు ‘ఇరుకైంది’ అని రాశారు. నాకు భయం వేసింది. పెద్దవాళ్లు, పిల్లలు అందరూ ఒకే పక్కకు జరిగి పక్షుల్ని చూస్తుంటే, ఆ సమయానికి గాలి లేస్తే, అంత చిన్న బోటు తట్టుకోలేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం మన తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. చిలికా లోతు తక్కువేనని చాలామంది ధీమాగా ఉంటారు. లైఫ్ జాకెట్ లేని పిల్లలకు ఐదడుగుల నీళ్లయినా ఎక్కువే. అందుకే మీకు పెద్ద బోటు అవసరమే. ఎంత పెద్దది అన్న దగ్గరే మీ ఆలోచనతో నాకు పేచీ.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి రెండు అంకెలు. ఏడాదికి 14 షికార్లు, అందులో తొమ్మిదిమందితో నాలుగు. అంటే పది సార్లు మీరు ఆరుగురే. నాలుగు రోజుల కోసం 24 అడుగుల బోటు కొని, ఏడాది పొడుగునా దాన్ని మేపాలి. బోటు ధర ఒక్కసారి ఇస్తాం. మేత మాత్రం ప్రతి నెలా పెట్టాల్సిందే. అమ్మేవాళ్లు ఆ రెండోదాని గురించి మాట్లాడరు, కొనేవాళ్లు అడగరు.

ముందు పెట్రోలు చూద్దాం. 115 హెచ్‌పీ ఇంజను మామూలు వేగంలో గంటకు దగ్గర దగ్గర 20 లీటర్లు తాగుతుంది. పూర్తిగా తిప్పితే దానికి రెట్టింపు. షికారుకు మూడు గంటలు ఇంజను నడిచిందనుకుంటే 60 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన 6 వేలు. పద్నాలుగు సార్లకు 84 వేలు. ఆయిల్, ఫిల్టరు, గేరాయిల్, ప్లగ్గులు, వాటర్ పంపు ఇంపెల్లరు కలిపి సర్వీసుకు ఏడాదికి 25 వేలు వేసుకోండి. చిలికా నీళ్లు ఉప్పు కలిసినవి. నీళ్లలోనే కట్టి ఉంచిన బోటు అడుగున గుల్లలూ నాచూ పట్టేస్తాయి. గీకించి రంగు వేయించడానికి మరో 25 వేలు. కట్టుకునే చోటికి, కాపలాకు నెలకు రెండున్నర వేలు చొప్పున 30 వేలు. ఇన్సూరెన్సు, సర్వే (అంటే బోటు ఫిట్‌నెస్ తనిఖీ) కలిపి 20 వేలు. ఇవి కాక, పాత ఇంజను ఎప్పుడు ఏం అడుగుతుందో తెలియదు కాబట్టి రిపేర్లకని 50 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 2 లక్షల 34 వేలు. ఇది నా అంచనా. కాస్త అటూ ఇటూ కావచ్చు కానీ సగానికి తగ్గదు.

ఇక లోను. 6 లక్షలు, 14 శాతం వడ్డీ, నాలుగేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 16,400. చివరికి వడ్డీ కిందే లక్షా 87 వేలు పోతాయి. బోటు విలువ ఏటా తగ్గుతుంటే మీరు దాని మీద వడ్డీ కడుతుంటారు. ఈఎంఐ, నడిపే ఖర్చు కలిపితే నెలకు దాదాపు 36 వేలు. మీకు నెలకు మిగిలేది 45 వేలు. తేడా 9 వేలు. ఆ తొమ్మిది వేలల్లోనే పెద్దపాప కాలేజీ చదువు, అమ్మానాన్నల మందులు, షాపులో ఒక సీజను దెబ్బతింటే సర్దుబాటు, అన్నీ ఇమడాలి. ఇమడవు. ఇంకోలా చూస్తే మొదటి నాలుగేళ్లు ఒక్కో షికారు మీకు 30 వేల పైమాటే. మీరు కట్టిన 5 లక్షలు ఈ లెక్కలోకి రానేలేదు.

పెద్దపాప తొమ్మిదో తరగతి అన్నారు. ఇంటర్ అయ్యేసరికి మూడేళ్ల చిల్లర. ఆ సమయానికి మీ ఈఎంఐ ఇంకా నడుస్తూ ఉంటుంది. అందుకే లోను తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇల్లు కొంటే, షాపుకు సరుకు తెస్తే అప్పు చేయడంలో అర్థం ఉంది. షికారు బోటుకు అప్పు వద్దు.

అయితే ఏం కొనాలి? నన్నడిగితే 19, 20 అడుగుల ఫైబర్ బోటు, 50 నుంచి 60 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజను, సర్వే సర్టిఫికెట్‌లో ఏడెనిమిది మందికి అనుమతి ఉన్నది చూడండి. మీ ఆరుగురూ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, అన్నం క్యారియర్లకు, నీళ్ల డబ్బాకు చోటుంటుంది. చిలికాలో దానికి మించిన ఇంజనుతో మీకు పనేముంది చెప్పండి! రంభ నుంచి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ వైపు వెళ్లిరావడానికి పరుగు అక్కర్లేదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, వలలూ, రొయ్యలు పెంచే ఘేరీల (వలకంచెల) కర్రలూ అడ్డం వచ్చే చోట్ల పెద్ద బోటు ప్రొపెల్లరుకే దెబ్బ. పక్షుల అభయారణ్యం నలబణ వైపు, డాల్ఫిన్లు తిరిగే సాతపడా వైపు వేగంగా నడపడం మంచిది కూడా కాదు.

దీని ఖర్చు చూడండి. పెట్రోలు షికారుకు 35 లీటర్లు, ఏడాదికి 49 వేలు. సర్వీసు 18 వేలు, అడుగు రంగు 18 వేలు, కట్టే చోటు 30 వేలు, ఇన్సూరెన్సు 15 వేలు, రిపేర్ల నిధి 30 వేలు. లక్షా 60 వేలు, అంటే నెలకు 13 వేల చిల్లర. మిగిలిన దాంట్లోంచి పెద్దపాప చదువుకు నెలకు 20 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేసినా చేతిలో ఇంకా 11 వేలు ఉంటాయి.

డబ్బు ఎక్కడి నుంచి అంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 3 లక్షల 90 వేలు, ఎఫ్‌డీలో కదలకుండా ఉండాలి. అది మీ ఇంటికి లైఫ్ జాకెట్. మిగతా 4 లక్షల 10 వేలు, పాత బోటు అమ్మితే వచ్చేది, సుమారు లక్షా 20 వేలు అనుకుందాం, కలిపి 5 లక్షల 30 వేలు. అందులో 55 వేలు మొదటి ఏడాది ఖర్చులకు, తొమ్మిదిమందికీ కొత్త లైఫ్ జాకెట్లకు ఉంచండి. పిల్లల సైజులు వేరుగా కొనాలి, పెద్దవాళ్లవి వాళ్లకు వదులై జారిపోతాయి. అంటే బోటు బేరం 4 లక్షల 75 వేలు దాటకూడదు. ఎఫ్‌డీని మధ్యలో తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అది బ్యాంకులో కనుక్కుని, వీలైతే గడువు తీరేదాకా ఆగండి. ఎలాగూ షికారు సీజను అయిపోయాక, వానలు మొదలయ్యే ముందు అమ్మేవాళ్ల బేరం వంగుతుంది.

తొమ్మిదిమంది వచ్చే ఆ నాలుగు రోజులకు రంభలో ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ వాళ్ల పాంథనివాస్ దగ్గర అద్దె బోట్లు ఉన్నాయి. మీ బోటుతో పాటు ఒకటి తీసుకోండి. నాలుగు సార్ల అద్దె కలిపినా ఆ పెద్ద బోటు మేతలో మూలకు రాదు.

మీ చెల్లెలి భర్త మాట గురించి. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ బోటులో సగం వాటా అంటే రిపేరు వచ్చినప్పుడు ఎవరు ఎంత, ఆదివారం ఎవరిది, అమ్మాలంటే ఎవరి మాట, ఇవన్నీ వస్తాయి. నేను చూసిన ఇళ్లలో డబ్బు దగ్గర కాదు, ఆదివారాల దగ్గర మాట తేడాలు వచ్చాయి. బోటు మీ పేరునే ఉంచి, వాళ్లు వచ్చిన రోజు పెట్రోలు వాళ్లు పోయించేలా మాట్లాడుకోండి. బంధుత్వం పచ్చగా ఉంటుంది.

ఇప్పుడు చూడాల్సిన చోట్లు చెబుతాను, ఎందుకంటే పాత బోటులో డబ్బు పోయేది ఇంజను దగ్గరే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారు. స్టార్ట్ అయ్యాక పక్క నుంచి చల్లబరిచే నీటిధార నిలకడగా రావాలి. కింది గేరాయిల్ కొంచెం తీయించండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం, అక్కడితో బేరం ఆపేయవచ్చు. అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఇంజను బిగించిన వెనక పలకను పట్టుకుని, ఇంజను కింది భాగాన్ని నొక్కి చూడండి. పలక కదిలినా, బీటలు కనిపించినా లోపలి చెక్క కుళ్లిపోయి ఉంటుంది. చివరగా మీ ఇంట్లో ఆరుగురినీ ఎక్కించి పావుగంట నడిపించి చూడండి. ఖాళీ బోటు ఎప్పుడైనా బాగానే పరిగెడుతుంది.

వీటికి ఒక మంచి మెకానిక్‌కు మూడు నాలుగు వేలు ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వండి. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకాయన అమ్మేవాడు తెలిసినవాడే కదా అని మెకానిక్‌ను తీసుకెళ్లలేదు. మొదటి సీజనులోనే ఇంజను తలకాయ విప్పాల్సి వచ్చింది. ఆ బిల్లు పెట్టుకుని ఇంటి పెద్దావిడ నా ముందు కూర్చున్న తీరు ఇంకా గుర్తుంది.

కాగితాలు. మోటారుతో నడిచే బోట్లకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి. అమ్మేవాళ్ల పేరు మీదే ఉన్నాయా, ఇంజను నంబరు వాటితో కలుస్తుందా చూసి, మీ పేరు మీదకు మారాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

ఇన్సూరెన్సు గురించి ఇంకొక మాట. పాలసీలో తుఫాను నష్టం ఉందో లేదో చదవండి. మన తీరంలో అక్టోబర్ అంటే ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబర్ 11న. అందుకే బోటును సెప్టెంబర్ ఆఖరుకల్లా గట్టు మీదకు ఎక్కించి, ఇంజను విప్పి ఇంట్లో పెట్టుకునే ఏర్పాటు చూసుకోండి. చిన్న బోటుకు అది తేలిక, 24 అడుగుల దానికి ట్రాలీ, ట్రాక్టరు కావాలి.

మీ అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే బోటు కన్నా ముందు అదే. ప్రీమియం ఎంతవుతుందో కనుక్కుని నాకు రాయండి, పైన చెప్పిన 11 వేల మిగులులోంచి సర్దే దారి చూద్దాం.

ఈలోగా వచ్చే ఆదివారం చెల్లెలి వాళ్లు వస్తానంటే, అందరినీ ఒకేసారి ఎక్కించకండి. పొద్దున కొందరు, పదింటికి కొందరు వెళ్లిరండి.