ఈ పరిశోధన ఎందుకు చేయాలో రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ థీసిస్ ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద పనిచేయాలనుకోవడం నాకెంతో సంతోషం. అయితే "ఈ అధ్యయనం ఎందుకు" అన్న భాగంలో మొదటి పేజీ అంతా ప్రపంచంలోని కిడ్నీ రోగుల గురించే ఉంది. అది తీసెయ్. జబ్బు పెద్దదని కమిటీకి తెలుసు. వాళ్లు చూసేది వేరు: నీ పని పూర్తయ్యాక కొత్తగా ఏం తెలుస్తుంది, తెలిస్తే ఎవరు ఏం మార్చుకుంటారు?

"ఇంతవరకు ఎవరూ చేయలేదు" అని రెండుచోట్ల రాశావు. అదొక్కటే కారణంగా చాలదు, పైగా ఉద్దానంలో ఆ మాట నిలవదు. కవిటి, సోంపేట, కంచిలి మండలాలకు ఎన్నో బృందాలు వచ్చి రక్తం, మూత్రం, నీటి నమూనాలు పట్టుకెళ్లాయి. సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని... అనుమానాలు చాలా ఉన్నాయి, కారణం ఇదీ అని తేలలేదు. అలాగని "కారణం కనిపెడతాను" అని రాయకు. ఒక్కసారి చేసే సర్వేలో జబ్బు ముందా, అలవాటు ముందా అన్నది తెలియదు. క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) పెరిగిందని తెలిశాక మనిషి బోరు నీళ్లు మానేసి క్యాన్ నీళ్లకు మారాడనుకో. ఆ తర్వాత నువ్వెళ్లి లెక్క వేస్తే క్యాన్ నీళ్లే జబ్బు తెచ్చినట్టు కనిపిస్తుంది. పరీక్షకుడు మొదట పట్టుకునేది ఇక్కడే.

నీ అసలు బలం నాలుగో పేజీలో, ఒక్క వాక్యంలో దాక్కుని ఉంది. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల ద్వారా ఉద్దానానికి ఇచ్చే పథకం ప్రారంభమైంది. ఊరికి నీళ్లు రావడం వేరు, ఆ నీళ్లే ఇంట్లో తాగడం వేరు. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చి ఇలా రాయి: "కుళాయి వచ్చిన ఇళ్లలో ఎంతమంది ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారు, ఎందుకు తాగుతున్నారు అన్నది తెలిస్తే గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏ ఊళ్లో ఏం సరిచేయాలో నిర్ణయించుకోగలదు. ఇప్పటి కిడ్నీ పరీక్షల లెక్క ముందుముందు పోల్చుకోవడానికి ఆధారమవుతుంది." కొత్త కేసులు తగ్గాయో లేదో చెబుతానని మాత్రం మాట ఇవ్వకు. ఈ జబ్బు ఏళ్ల తరబడి ముదురుతుంది, నీ థీసిస్ గడువులో అది తేలదు.

ఫలితం ఎటు వచ్చినా పనికొస్తుందని కూడా చూపించు. అందరూ కుళాయి నీళ్లే తాగుతున్నారని తేలితే ఏమిటి, సగంమంది తాగట్లేదని తేలితే ఏమిటి? రెండింటికీ చెరో వాక్యం రాయి. ఒకదానికి రాయలేకపోతే ప్రశ్ననే మార్చుకోవాలి.

మూడు నెలల తర్వాత రెండోసారి పరీక్ష ఎందుకో కూడా ఈ భాగంలోనే చెప్పు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం) 60 కంటే తక్కువగా ఉండటం గానీ, మూత్రంలో ప్రోటీన్ పోవడం లాంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు గానీ మూడు నెలలకు పైగా ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటాం. జీడితోటలో ఎండకు పనిచేసి వచ్చినవాళ్లకు ఒంట్లో నీరు తగ్గి ఆ రోజుకు క్రియాటినిన్ పెరగొచ్చు. ఒక్క పరీక్షతో ఆపితే రోగుల సంఖ్య లేనిపోనిదిగా పెరుగుతుంది. అందుకే రక్తం పొద్దున్నే, పనికి వెళ్లకముందే తీయాలి.

శాంపిల్ 200 అని ఎక్కడి నుంచి తెచ్చావు? జబ్బు 20 శాతం ఉంటుందనుకుని, అటూ ఇటూ 4 శాతం తేడా ఒప్పుకుంటే 384 మంది కావాలి. ఊళ్ల వారీగా ఎంచుకుంటున్నావు, ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి రెట్టింపు చేస్తే 768. పదిమందిలో ఒకరు రారనుకుంటే 854. ఇంతమంది కోసం అన్ని మండలాలూ తిరగలేనంటే ఒక్క మండలానికే పరిమితమై, ఆ మాట పైకే రాయి. మండలం తగ్గినంత మాత్రాన శాంపిల్ తగ్గదు, తిరుగుడు తగ్గుతుంది.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ ఊళ్లవాళ్లు రక్తం ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు. రిపోర్టు ఎన్ని రోజుల్లో చేతికిస్తావు, క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లను పలాస కిడ్నీ ఆస్పత్రికి ఎవరు పంపిస్తారు, రెండోసారి పరీక్ష ఖర్చు ఎవరిది? ఇవి లేని ప్రోటోకాల్‌ను ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపినా తప్పులేదు.

ఈ భాగం మొత్తం 300 మాటలు దాటనీయకు. రాశాక అక్కడి ఏఎన్ఎంకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆగి "అంటే ఏంటండీ?" అని అడుగుతుందో ఆ వాక్యం మళ్లీ రాసి, ఆ తర్వాతే గైడ్‌కు పంపు.