ఇల్లు చూపించి వచ్చాక అవతలి ఏజెంట్‌తో ఏం మాట్లాడాలి: మా చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

చిట్టితల్లీ,

రియల్ ఎస్టేట్ ఏజెంట్ పరీక్ష పాసయ్యావనీ, సోమవారం నుంచి పనిలో చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే కళ్లు చెమర్చాయి. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఇళ్లు చూపించలేవని కాదు తల్లీ. ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోతావు, ఆ తర్వాత అడగనివి కూడా చెప్పేస్తావు. మీ అమ్మ మీ నాన్నకి తెలియకుండా వాచీ కొని దాచిపెడితే, ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పేసింది ఎవరు? అప్పుడు నీకు ఆరేళ్లు. ఆ గుణం పెద్దమ్మ దగ్గర్నుంచే వచ్చిందని అందరూ అన్నారు. నా భయమంతా అదే.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. చెప్పిన టైముకి వెళ్లు, ఆలస్యమైతే దారిలోంచే కబురు పెట్టు. వచ్చేటప్పుడు లైట్లు ఆర్పి, కిటికీలు చూసి, తాళం వేసి, తాళంచెవి తీసినచోటే పెట్టి, "బయటికొచ్చేశాం, తాళం వేశాం" అని అవతలి, అంటే ఇల్లు అమ్మేవాళ్ల తరఫు, ఏజెంట్‌కి ఒక మెసేజ్ పంపు. కుళాయి కారుతోందనో, వెనక తలుపు గడియ పడటం లేదనో కనిపిస్తే అప్పటికప్పుడు ఫోన్ చేసి చెప్పు, సాయంత్రం దాకా ఆగకు. ఇంట్లో ఉన్నంతసేపూ కొనేవాళ్లని ధర మాట ఎత్తనివ్వకు. ఇప్పుడు చాలా ఇళ్లలో కెమెరాలుంటున్నాయి, గుమ్మం దగ్గరి బెల్లుకి కూడా మైకు ఉంటోంది. ఏం మాట్లాడుకున్నా వీధి మలుపు దాటాకే.

నాకు టెన్షన్ ఆ తర్వాతి ఫోన్ గురించి. నువ్వు కొనేవాళ్ల తరఫున ఇల్లు చూపించి వస్తావు. కొన్ని గంటల్లో అమ్మేవాళ్ల ఏజెంట్ నుంచి ఫోనో మెసేజో వస్తుంది. "ఏమన్నారు? నచ్చిందా?" అని. మామూలు పలకరింపులాగే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

పనిలో చేరిన రెండో ఏడు. భార్యాభర్తలు, చంటిపిల్ల. వాళ్లుంటున్న అద్దె ఇంటి ఓనరు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. అప్పటికి 19 ఇళ్లు చూపించాను. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక లోటు. 20వ ఇంట్లో ఆవిడ వెనక గదిలోకి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. వెళ్లి చూస్తే పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. "దీని మంచం ఇక్కడ వేస్తాను" అంది, నాతో అన్నట్టు కూడా కాదు, తనలో తనే అనుకున్నట్టు. కారెక్కాక ఆయన చెప్పాడు: "అడిగినదాంట్లో పదో వంతు తగ్గించి మొదలుపెడదాం మేడమ్. వినకపోతే అడిగినంతా ఇచ్చేద్దాం. మాకింక టైము లేదు."

సాయంత్రం అమ్మేవాళ్ల ఏజెంట్ ఫోన్ చేసింది. పెద్దావిడ. నేను కొత్తగా చేరినప్పుడు, ఒక్కో కాగితం ఎలా నింపాలో పక్కన కూర్చుని నేర్పింది. ఆవిడంటే నాకు చాలా గౌరవం. "ఏమ్మా, మీవాళ్లు ఏమన్నారు?" అంది. 19 ఇళ్ల అలసట తీరిన సంతోషంలో ఉన్నాను. "చాలా నచ్చిందండీ! వెనక గదిలో పాప మంచం ఎక్కడ వేయాలో కూడా చూసుకుందావిడ. పాపం నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి, ఇదే ఖాయం చేస్తారు" అన్నాను. ధర మాట ఎత్తలేదు కదా, తప్పేముంది అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు పదో వంతు తగ్గించి, ఇంతకి కొంటామని ఆఫర్ పంపాం. గంటలో జవాబు వచ్చింది. ఏమీ తగ్గించరట, రెండు రోజుల్లో తేల్చాలట. వీళ్లు ఒక రాత్రి ఆలోచించి అడిగినంతా ఇచ్చారు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. తాళాలు చేతికిచ్చే రోజు అర్థమైంది. ఇల్లు అమ్మిన ఓనరు, ఆవిడ చేతికి తాళాలిస్తూ నవ్వి, "వెనక గదిలోనే కదమ్మా పాప మంచం?" అన్నాడు. మేం ఇల్లు చూసిన రోజు ఆయన ఇంట్లో లేడు. ఆ మాట అన్నప్పుడు ఆ గదిలో ఉన్నది ఆవిడా, నేనూ, చంటిపిల్లా. ఆవిడ తాళాలు పట్టుకుని నావైపు చూసింది. ఆవిడ భర్త కూడా చూశాడు. ఇద్దరూ ఏమీ అనలేదు. నన్ను గేటు దాకా సాగనంపి, అక్కడ ఆయన నెమ్మదిగా, "మీకు చెప్పింది మీ దగ్గరే ఉంటుందనుకున్నామండీ" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేను చెప్పకుండా ఉంటే ఓనరు తగ్గేవాడా? ఎప్పటికీ తెలీదు. తగ్గించుకోవడానికి వాళ్లకి దొరికిన ఒక అవకాశాన్ని నేను నా సంతోషానికి వాడేసుకున్నాను. ఆ తేడా వాళ్లు ఇంటి లోన్‌లో నెలనెలా కట్టారు. ఆ పెద్దావిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, కుదరలేదు. తన క్లయింట్‌కి ఉపయోగపడే మాట వింది, తీసుకెళ్లి అతనికి చెప్పింది. ఆవిడ పని ఆవిడ చేసింది. నా పనే నేను చేయలేదు.

అందుకని చెబుతున్నాను, బాగా విను. అవతలి ఏజెంట్ ఎంత మంచిదైనా, నీకు పని నేర్పిన మనిషైనా, ఆ ఒక్క ఇంటి విషయంలో ఆవిడ అమ్మేవాళ్ల మనిషి. నువ్వు చెప్పిన ప్రతి మాటా ఆ ఇంటి ఓనరు చెవికి చేరుతుంది, చేరాలి కూడా. కొనేవాళ్లకి తొందర ఎందుకు, ఎంతదాకా ఇవ్వగలరు, లోన్ ఎంత వచ్చింది, ఇంకో ఇల్లు చూస్తున్నారా లేదా, ఉద్యోగం మారుతున్నారా, పిల్ల పుట్టబోతోందా, ఇవేవీ నీవి కావు. ఇల్లు చూశాక, కారు దిగకముందే వాళ్లనే అడుగు: "అవతలివాళ్లు అభిప్రాయం అడుగుతారు. ఏం చెప్పమంటారు?" వాళ్లు సరేనన్నదే చెప్పు. ఈ ఒక్క ప్రశ్న నేను ఆ రోజు అడిగి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు.

అలాగని అబద్ధం ఆడమనడం లేదు. నచ్చిన ఇంటిని నచ్చలేదని చెప్పి బేరం ఆడేవాళ్లున్నారు. ఒకసారి పట్టుబడితే ఆ తర్వాత నీ మాట ఎవరూ నమ్మరు. "చూశారు, ఇంకా మాట్లాడుకుంటున్నారు. పైకప్పు ఎప్పుడు బాగు చేయించారో, వైరింగ్ ఎప్పటిదో కనుక్కుని చెప్పగలరా?" అను. నిజమే చెప్పినట్టు, లోపలిది లోపలే ఉన్నట్టు.

నచ్చకపోతే మాత్రం కారణం స్పష్టంగా చెప్పు, అదే రోజు చెప్పు, మహా అయితే 24 గంటల్లోపు. అవతల ఒక కుటుంబం ఇల్లంతా సర్ది, పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లి, నీ కోసం గంటసేపు ఎక్కడో కూర్చుని వచ్చింది. "సూట్ కాలేదండీ" అంటే వాళ్లకి ఏం ఒరిగింది? "మూడో గదిలో మంచం వేస్తే నడవడానికి చోటుండదు", "ముందు గదిలోకి పగలు కూడా వెలుతురు రావడం లేదు", "రోడ్డు చప్పుడు పడకగదిలోకి వినిపిస్తోంది", ఇలా చెబితే వాళ్లేదో చేసుకోగలరు. ఇంకొకటి. చెప్పడానికి మొహమాటపడి ధర మీదికి నెట్టేయకు. "కొంచెం ఎక్కువనిపించింది" అంటావు, వాళ్లు నిజంగానే తగ్గించి నీకే ఫోన్ చేస్తారు. అప్పుడేం చెబుతావు, గదులే సరిపోవని? కొందరు ఏజెంట్లు ఇంకో అడుగు వేసి, "మీ లెక్కలో ఎంతైతే సరిపోతుందంటారు?" అని అడుగుతారు. అంకె మాత్రం నీ నోట్లోంచి రాకూడదు. నీ క్లయింట్లే వారం తర్వాత మనసు మార్చుకుని అదే ఇంటికి ఆఫర్ పెట్టొచ్చు. అప్పుడు బేరం నీ అంకె దగ్గర్నుంచే మొదలవుతుంది.

చుట్టుపక్కల ఎలాంటి మనుషులుంటారు, వాళ్ల మతమేంటి, ఏ దేశంవాళ్లు అనే మాటలు అభిప్రాయంలోకి రానివ్వకు. క్లయింట్ అన్నా సరే నువ్వు మోసుకెళ్లకు. చాలా దేశాల్లో చట్టం ఊరుకోదు. చట్టం సంగతి అలా ఉంచు, మనం చేయకూడని పని అది.

మెసేజ్ రాసేటప్పుడు, అది ఏజెంట్‌కి రాస్తున్నానని అనుకోకు. స్క్రీన్‌షాట్ తీసి ఓనరుకి పంపేస్తారు. నేనే పంపాను ఒకసారి. ఒక పెద్దాయన ఇల్లు అమ్ముతుంటే, చూసి వెళ్లిన ఏజెంట్ "ఇల్లంతా ఆస్పత్రి వాసన" అని రాశాడు. చదవకుండా అలాగే పంపేశాను. ఆయన భార్య ఆ ఇంట్లోనే రెండేళ్లు మంచం మీద ఉండి చనిపోయింది. ఆయన నుంచి "చూశాను" అని ఒక్క మాట వచ్చింది. అప్పటి నుంచీ వచ్చిన అభిప్రాయాన్ని ముందు నేను చదివి, అందులో పనికొచ్చే విషయం ఒక్కటీ వదలకుండా, ఆ మాటని నా మాటల్లో ఫోన్ చేసి చెప్పేదాన్ని. గాలి ఆడేలా రోజూ కిటికీలు తెరిచి ఉంచుదామని ఆయనతో నేనే అని ఉంటే ఎంత బాగుండేది.

నువ్వు అమ్మేవాళ్ల తరఫున ఉన్నప్పుడు ఇదంతా తిరగేసుకో. "ఎందుకు అమ్ముతున్నారు?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. విడిపోతున్నారనీ, అప్పు తీర్చాలనీ చెప్పడం నీ పని కాదు. వేరే ఆఫర్ వచ్చిందని చెప్పాలన్నా ఓనరు అనుమతి ఉండాలి, అది నిజమై ఉండాలి. అభిప్రాయం అడిగేటప్పుడు "ఎలా ఉంది?" అనకు, ఏమీ రాదు. "మళ్లీ చూడాలనుకుంటున్నారా? వద్దనుకుంటే ముఖ్యంగా దేనివల్ల?" అని రెండే అడుగు. జవాబు రాకపోతే మర్నాడొకసారి, ఆ తర్వాత రెండు రోజులు ఆగి ఇంకొకసారి గుర్తు చేయి, అక్కడితో వదిలేయి. "ఇంకా ఏమీ చెప్పలేదు" అన్న సంగతి కూడా ఓనరుకి చెప్పు, ఎదురుచూసేవాళ్లని చీకట్లో ఉంచకు. ఒక్కరు వంటగది ఇరుకన్నారని గోడ కొట్టించనక్కర్లేదు. నలుగురైదుగురు వేర్వేరు రోజుల్లో అదే మాటంటే మాత్రం ఓనరుని కూర్చోబెట్టి మాట్లాడాలి. గోడకి చెమ్మ ఉందని ఎవరైనా చెబితే, నీకు అది తెలిసిపోయినట్టే. చాలా చోట్ల తెలిసిన లోపాన్ని తర్వాత వచ్చేవాళ్లకి చెప్పి తీరాలి. విననట్టు ఉండిపోకు, వెంటనే మీ ఆఫీసులో పెద్దవాళ్లని అడుగు.

మీ అమ్మ ఇంకోటి కూడా చెప్పింది. అప్పుడే ఏజెంట్ల గ్రూపులో చేరావట, భోజనాల దగ్గర కూడా ఫోన్ వదలడం లేదట. ఆ గ్రూపులో క్లయింట్ల సంగతి ఒక్కటి రాశావని తెలిస్తే నేనొచ్చి ఆ ఫోన్ లాక్కుంటాను. పేరు రాయకపోయినా సరే. "ఈరోజు ఒక జంట" అని మొదలుపెట్టినా సరే. ఆ జంట ఎవరో పోల్చుకునేవాళ్లు ఆ గ్రూపులోనే ఉంటారు.

తిట్టాననుకోకు తల్లీ. నీ మాటల వల్లే జనం నీ దగ్గరికొస్తారు. భయపడుతూ వచ్చిన మనిషి నీతో పది నిమిషాలు కూర్చుంటే తేలికపడతాడు, అది నేర్పితే వచ్చేది కాదు. వాళ్లతో ఎంతసేపైనా మాట్లాడు. అవతలి ఏజెంట్ ఫోన్ మోగినప్పుడు మాత్రం వెంటనే ఎత్తకు. ఒక నిమిషం ఆగి, ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, నువ్వే తిరిగి చేయి. నేను 30 ఏళ్లు అలాగే చేశాను. ఆ కాగితం మీద మొదట్లో పైన "పాప మంచం" అని రాసుకునేదాన్ని.

మొదటి ఇల్లు చూపించిన రోజు రాత్రి, ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చేయి. మేలుకునే ఉంటాను. ఎవరికి చూపించావో, ఏ ఇల్లో, వాళ్లేమన్నారో నాకూ చెప్పకు. తాళం సరిగ్గా పడిందా, కాళ్లు నొప్పి పుట్టాయా, అవి చెప్పు చాలు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ