సయాటికా నొప్పికి ఆపరేషన్: అప్పు చేసే ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. మా ఆయనకు 43 ఏళ్లు, సొంత టాటా ఏస్ తోలుతాడు. డీజిల్, రిపేర్లు పోను నెలకు 28 వేలు మిగులుతాయి. అందులో 9,400 బండి ఈఎంఐ. నెల రోజులుగా నడుము నుంచి ఎడమ పిక్క దాకా నరం లాగేస్తోంది. ఎంఆర్ఐ తీయిస్తే డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఒంగోలులో ఒక డాక్టరు గారు ఆపరేషన్ చేయించమన్నారు, లక్షా 80 వేలవుతుందట. నెల్లూరులో చూపిస్తే మందులు, ఫిజియోథెరపీతో ఆరు వారాలు చూద్దాం, తగ్గకపోతే వెన్నులో ఇంజెక్షన్ చేద్దాం, దానికి 22 వేలు అన్నారు. పొగాకు వేలం సీజన్ వచ్చేసింది, బండి ఆగితే కష్టం. పాప చదువుకని వేసిన 2 లక్షల ఎఫ్‌డీ, 5 సవర్ల బంగారం, ఇంకా పాడని ఒక చీటీ ఉన్నాయి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. రైస్ కార్డు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఏ వైద్యమన్నది డాక్టర్లు తేల్చాలి. ఏ వైద్యానికి ఎప్పుడు, ఎక్కడి డబ్బు వాడాలో నేను చెప్పగలను. అయితే డబ్బు లెక్క మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూసుకోండి. ఆయన మడమల మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నారా? నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోందా? కాలిలో బలం రోజురోజుకీ తగ్గుతోందా? తొడల మధ్య తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం, మలమూత్రాలు అదుపు తప్పడం లాంటివి ఉన్నాయా? వీటిలో ఏది కనిపించినా ఆరు వారాల మాట మర్చిపోండి. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అలాంటప్పుడు ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.

ఉన్నది నొప్పి మాత్రమే అయితే మీకు కొంత సమయం ఉంది. జారిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది, ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలి నొప్పి బాగా తగ్గుతుంది. ఆపరేషన్‌తో ఆ ఉపశమనం త్వరగా వస్తుంది. కానీ ఏడాది, రెండేళ్లు గడిచాక చూస్తే ఆపరేషన్ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ మధ్య తేడా చాలావరకు తగ్గిపోతుంది. అంటే ఆ లక్షా 80 వేలతో మీరు ఎక్కువగా కొనేది సమయం. బండి మీద బతికేవాళ్లకు సమయం విలువైనదే, కాదనను. అయితే ఆపరేషన్ అయిన వారానికే ఆయన స్టీరింగ్ పట్టలేరు. బరువులు ఎత్తకుండా కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండాలి. బేళ్లు ఎక్కించేటప్పుడు చెయ్యి వేసే అలవాటున్న మనిషికి అది మరీ ముఖ్యం. అందుకే సీజన్ కోసమని ఆపరేషన్‌కు తొందరపడితే సీజన్ దక్కదు, అప్పు మాత్రం మిగులుతుంది. ఎన్నాళ్లకు బండి తోలవచ్చో, ఎన్నాళ్లకు బరువులు ఎత్తవచ్చో ఒంగోలు డాక్టరు గారిని సూటిగా అడగండి.

ఏ దారిలో వెళ్లినా బండికి ఒక డ్రైవర్ని పెట్టక తప్పదు. అతని జీతం నెలకు 15 వేలు అనుకుందాం. మీకు 13 వేలు మిగులుతాయి, ఈఎంఐ కట్టాక 3,600. ఇంటి ఖర్చులో నెలకు 15 వేలు లోటు, ఆరు వారాలకు 22,500. ఫిజియోథెరపీ సిట్టింగుకు 350 చొప్పున 15 సిట్టింగులు వేసుకుంటే 5,250. మందులకు, రానూపోనూ ఖర్చులకు ఇంకో 5 వేలు. మొత్తం 33 వేల లోపే. కసరత్తులు నేర్చుకుని ఇంట్లో రోజూ చేస్తే సిట్టింగులు ఇంకా తగ్గుతాయి. రోజంతా మంచం మీద పడుకోబెట్టకండి, ఓర్చుకోగలిగినంత నడవనివ్వండి.

ఇంజెక్షన్‌ను సగం ఆపరేషన్ అనుకోవద్దు. అది డిస్క్‌ను సరిచేయదు. వాపు తగ్గించి, కొంతమందికి కొన్ని వారాలో నెలలో ఉపశమనం ఇస్తుంది. నొప్పి వల్ల కసరత్తులే చేయలేకపోతుంటే ఆ 22 వేలకు అర్థం ఉంది. మొదటిది పనిచేయకపోతే మాత్రం రెండోదానికి డబ్బు కట్టే ముందు గట్టిగా అడగండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన సంగతి. రైస్ కార్డు ఉందని చివర్లో ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. మొదట ఆలోచించాల్సింది దాని గురించే. మన ఆరోగ్యశ్రీకే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు, ఎంఆర్ఐ ఫిల్మ్, కార్డు పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలోని (అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలోని) హెల్ప్‌డెస్క్‌కు వెళ్లి, ఈ ఆపరేషన్ పథకంలో ఉందా, ఈ ఆసుపత్రిలో చేస్తారా అని అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు. ముందు మనం కట్టేస్తే తర్వాత పథకం వాళ్లు ఇస్తారన్న నమ్మకంతో చేరవద్దు, చికిత్సకు ముందే అనుమతి రావాలి. పథకంలో లేదని తేలితే బిల్లుల అసలు కాపీలు జాగ్రత్త చేసి, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఒకసారి చూపించుకుని, మూడో అభిప్రాయం కూడా తీసుకోండి. ఉన్న ఫిల్మే చూపించండి, కొత్త ఎంఆర్ఐ ఎందుకని అడగడానికి మొహమాటపడకండి.

అప్పు చేయాల్సి వస్తే రెండు రూపాయల వడ్డీ జోలికి వెళ్లొద్దు. అది ఏడాదికి నూటికి 24. రెండు లక్షల మీద నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు. అదే బ్యాంకులో బంగారం పెడితే, వడ్డీ రూపాయి దాకా వేసుకున్నా ఏడాదికి 24 వేలే. ఆ తేడా మీ ఆయన దాదాపు నెల సంపాదన. అందుకని ఇప్పటికి రెండు సవర్లు పెట్టి, ఆరు వారాలకు కావలసిన 35, 40 వేలు మాత్రమే తీసుకోండి. మిగతా మూడు సవర్లు ఇంట్లోనే ఉండనివ్వండి, ఆపరేషన్ తప్పకపోతే అక్కరకొస్తాయి. చీటీని ఈ టెన్షన్‌లో ఎక్కువ తగ్గించి పాడుకోవద్దు. ఎఫ్‌డీ పగలగొట్టొద్దు. బంగారం మీద వచ్చింది చాలకపోతే ఆ ఎఫ్‌డీ మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన పడుతుంది.

నా సలహా ఇది. కాలిలో బలహీనత లేకపోతే నెల్లూరు డాక్టరు గారి దారిలో ఆరు వారాలు వెళ్లండి. ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. ఈలోగా పథకం సంగతి తేల్చి పెట్టుకోండి. ఆ తేదీకీ ఆయన కూర్చోలేక, నిద్రపోలేక బాధపడుతుంటే ఆపరేషన్‌కు వెనకాడవద్దు. డబ్బు మిగుల్చుకోవడానికని మనిషి నెలల తరబడి నొప్పి భరించడం నాకు సమ్మతం కాదు.

ఇక ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకుంటే ఈ ఆపరేషన్‌కు పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టవచ్చు, డిస్క్ సమస్యలకు విడిగా రెండేళ్లు పెట్టే పాలసీలే ఎక్కువ. ఎంఆర్ఐ సంగతి దాచి తీసుకుంటే క్లెయిమ్ కొట్టేస్తారు. ఈ ఖర్చులు ఒక కొలిక్కి వచ్చి, బంగారం విడిపించాక, ఉన్నది ఉన్నట్టు రాసి ముగ్గురికీ కలిపి ఒక ఫ్యామిలీ పాలసీ తీసుకోండి.